కర్త వేరు, ఉద్దేశ్యం వేరు

ఈ కింది నాలుగు వాక్యాలూ ఒకే సంఘటనను చెబుతాయి:

1. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను కట్టించాడు.
2. ధవళేశ్వరం ఆనకట్ట ఆర్థర్ కాటన్ కట్టించాడు.
3. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించింది ఆర్థర్ కాటన్.
4. ధవళేశ్వరం ఆనకట్ట ఆర్థర్ కాటన్ చేత కట్టించబడింది.

కట్టించినవాడు నాలుగింటిలోనూ ఒకడే. కట్టడమూ ఒకటే. అయినా ఒకదాని స్థానంలో మరొకదాన్ని పెడితే అన్నిచోట్లా చెల్లదు. మొదటి వాక్యం కాటన్ గురించి చెబుతున్నది; ఆయన ఏం చేశాడన్న ప్రశ్నకు అది జవాబు. రెండవది ఆనకట్ట గురించి. మూడవ వాక్యం, ఆనకట్టను ఎవరో కట్టించారని తెలిసిన శ్రోతకు ఆ మనిషి పేరు అందిస్తుంది. నాలుగవ వాక్యం రెండవ వాక్యం చేసే పనినే చేస్తుంది, అదీ ఆనకట్ట గురించే. కాని ఇళ్ళలో, వీధుల్లో ఎవరూ అలా మాట్లాడరు. అది కనిపించేది అనువాదాల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో, పాఠ్యపుస్తకాల్లో.

ఇంగ్లీషులో ఈ నాలుగవ తరహా వాక్యం సహజం, అవసరం కూడా. తెలుగులో అది కృత్రిమం. ఈ తేడాను కేవలం నుడికారానికి సంబంధించినదిగా చూడటం పరిపాటి. నిజానికి దీని వెనుక రెండు భాషల వాక్యనిర్మాణంలో ఉన్న ఒక మౌలికమైన భేదం ఉంది. వాక్యంలో క్రియకు లోబడిన కర్త ఒకటి. ప్రసంగంలో మాట దేని గురించి సాగుతోందో ఆ ఉద్దేశ్యం మరొకటి. కొన్ని భాషలు ఈ రెండింటినీ ఒకే స్థానంలో కూర్చోబెడతాయి. కొన్ని భాషలు విడిగా ఉంచుతాయి.

ఒక మాటలో ఇమిడిన మూడు భావనలు

బడిలో నేర్పే తెలుగు వ్యాకరణంలో కర్త అంటే పని చేసేవాడు. ఇంగ్లీషు వ్యాకరణంలోని 'సబ్జెక్ట్' అన్న మాటకూ తెలుగులో కర్త అనే అనువాదం. ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

పాణిని వ్యాకరణంలో కర్త ఒక కారకం. క్రియ జరగడంలో స్వతంత్రంగా వ్యవహరించేది కర్త. 'రామః ఫలం ఖాదతి' అన్నా, 'రామేణ ఫలం ఖాద్యతే' అన్నా పాణిని దృష్టిలో రాముడే కర్త. రెండవ వాక్యంలో రాముడు తృతీయా విభక్తిలోకి వెళ్ళాడు, ఫలం ప్రథమలోకి వచ్చి క్రియతో అన్వయించింది. కాని తింటున్నవాడు మారలేదు కనుక కర్త మారలేదు. ఇదే వాక్యాన్ని ఇంగ్లీషు వ్యాకరణం పరిశీలిస్తే 'సబ్జెక్ట్' మారిందంటుంది. పాణిని వ్యవస్థలో 'సబ్జెక్ట్'కు సమానమైన పారిభాషిక పదం లేదు. కారకాలతో, విభక్తులతో, క్రియాప్రత్యయాలతో ఆయన పని నడిచిపోయింది.

కాబట్టి మూడు భావనలను విడదీయాలి. మొదటిది కర్త: పని చేసేవాడు. రెండవది వ్యాకరణ కర్త: క్రియ ఎవరిని అనుసరించి 'వచ్చాడు', 'వచ్చింది', 'వచ్చారు' అని మారుతుందో ఆ పదం. మూడవది ఉద్దేశ్యం: వాక్యం దేని గురించి చెబుతోందో అది. ఉద్దేశ్యం గురించి కొత్తగా చెప్పే అంశం విధేయం.

'పిల్లవాడు కిటికీ పగలగొట్టాడు' వంటి వాక్యంలో ఈ మూడూ పిల్లవాడి మీదే వాలతాయి కనుక వాటి మధ్య భేదం కనపడదు. భేదం తెలియాలంటే అవి విడిపోయిన వాక్యాలను చూడాలి. 'సీతకు తన తమ్ముడు గుర్తొచ్చాడు' అన్నది అలాంటి వాక్యం. 'గుర్తొచ్చాడు' అన్న క్రియ తమ్ముణ్ణి అనుసరించింది. కాని 'తన' అన్న సర్వనామం సీతను సూచిస్తోంది. వాక్యం సీత గురించి. పని చేసినవాళ్ళు ఇద్దరిలో ఎవరూ లేరు. క్రియాప్రత్యయం ఒకరిని పట్టుకుంటే, సర్వనామం, ప్రసంగం మరొకరిని పట్టుకున్నాయి. దక్షిణాసియా భాషల్లో విస్తారంగా కనిపించే ఈ చతుర్థీ విభక్తి ప్రయోగాల మీద 1970ల నుంచి భాషాశాస్త్రంలో ఎంతో చర్చ జరిగింది.

ఉద్దేశ్య విధేయాల చర్చ

ఉద్దేశ్యం, విధేయం అన్న మాటలు కొత్తవి కావు. యాగసంబంధమైన వాక్యాల అర్థాన్ని నిర్ణయించే ప్రయత్నంలో మీమాంసకులు ఈ విభజన చేశారు. అప్పటికే తెలిసి ఉన్నది, దేనిని ఉద్దేశించి చెబుతున్నారో అది ఉద్దేశ్యం. కొత్తగా విధిస్తున్నది విధేయం. ఆలంకారికులు ఈ భేదాన్ని కావ్యవిమర్శలోకి తెచ్చారు. 11వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో పేర్కొన్న దోషాల్లో 'అవిమృష్టవిధేయాంశం' ఒకటి. విధేయానికి దక్కవలసిన ప్రాధాన్యం దక్కకపోవడం ఈ దోషం. ముఖ్యంగా కొత్తగా చెప్పదలచిన మాటను సమాసం లోపల ఇరికించి కనపడకుండా చేస్తే ఇది సంభవిస్తుంది. ముందు ఉద్దేశ్యం, తరువాత విధేయం అన్న క్రమం కూడా ఈ సంప్రదాయంలో స్థిరపడినదే.

ఐరోపాలో ఈ చర్చ 19వ శతాబ్దంలో ఊపందుకుంది. 1844లో ఫ్రాన్సులో ఆన్రీ వేయ్ ప్రాచీన, ఆధునిక భాషల పదక్రమాన్ని పోల్చి ఒక గ్రంథం ప్రచురించాడు. ఆలోచన సాగే క్రమం ఒకటి, వ్యాకరణ సంబంధాలు సాగే క్రమం మరొకటి అన్నది అందులో ప్రధానమైన వాదం. గ్రీకు, లాటిన్ వంటి భాషల్లో విభక్తులు వ్యాకరణ సంబంధాలను చూసుకుంటాయి కనుక పదక్రమం ఆలోచనను అనుసరించగలదు. ఆధునిక ఐరోపా భాషలు చాలావాటికి ఆ స్వేచ్ఛ తగ్గింది. 1869లో జర్మన్ పండితుడు గాబెలెంట్స్ మానసిక కర్త, వ్యాకరణ కర్త అన్న విభజన చేశాడు.

20వ శతాబ్దంలో ఈ ఆలోచనను వ్యవస్థీకరించినది ప్రాగ్ నగరంలోని భాషాశాస్త్రజ్ఞులు. 1926లో ఏర్పడిన ప్రాగ్ భాషాశాస్త్ర మండలికి మూలపురుషుడైన విలెమ్ మాథెసియస్ మాతృభాష చెక్. ఆయన బోధించినది ఇంగ్లీషు. కర్మను ఉద్దేశ్యంగా చేసుకోదలిస్తే చెక్ భాష దాన్ని ద్వితీయా విభక్తిలోనే ఉంచి వాక్యం మొదటికి తెస్తుంది. ఇంగ్లీషుకు ఆ దారి ఇరుకు. క్రియకు ముందున్న స్థానం వ్యాకరణ కర్తది కనుక, అక్కడికి రావాలంటే కర్మ తానే వ్యాకరణ కర్త కావాలి. అందుకు కావలసిన యంత్రాంగమే కర్మణి ప్రయోగం. ఇంగ్లీషులో కర్మణి వాక్యాలు అంత విరివిగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణమని మాథెసియస్ గుర్తించాడు. తరువాతి కాలంలో మైకేల్ హాలిడే ఉద్దేశ్యాన్ని సందేశం బయలుదేరే చోటుగా నిర్వచించి, దానిని తన వ్యాకరణ సిద్ధాంతంలో ఒక ప్రధానాంగంగా చేశాడు.

భాషల మధ్య భేదం

1976లో చార్లెస్ లీ, సాండ్రా థామ్సన్ ఈ భేదం ఆధారంగా భాషలను వర్గీకరించే ప్రతిపాదన చేశారు. ఇంగ్లీషు వంటివి కర్తృప్రధాన భాషలు. చైనీస్ వంటివి ఉద్దేశ్యప్రధాన భాషలు. జపనీస్, కొరియన్ భాషల్లో రెండింటికీ సమాన ప్రాధాన్యం. టగాలొగ్ వంటి ఫిలిప్పీన్ భాషలు ఈ రెండు అచ్చుల్లోనూ ఒదగవు.

కర్తృప్రధాన భాషకు మంచి గుర్తు, అర్థం లేకపోయినా కర్త స్థానాన్ని ఖాళీగా ఉంచకపోవడం. ఇంగ్లీషువారు వాన పడుతోందనడానికి 'ఇట్ ఈజ్ రెయినింగ్' అంటారు. ఆ 'ఇట్' దేనినీ సూచించదు. పొద్దుపోయిందనడానికీ మరొక 'ఇట్' కావాలి. క్రియ ముందు ఎవరో ఒకరు కూర్చోవాలన్న నియమం అక్కడ అంత గట్టిది.

జపనీస్‌లో ఉద్దేశ్యానికి 'వ', వ్యాకరణ కర్తకు 'గ' అని విడివిడి ప్రత్యయాలున్నాయి. ఏనుగుకు తొండం పొడవు అనడానికి ఆ భాషలో ఏనుగు మీద 'వ', తొండం మీద 'గ' చేరతాయి. మికామి అకిరా 1960లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథానికి ఈ వాక్యమే పేరు. పాశ్చాత్య వ్యాకరణం నుంచి తెచ్చుకున్న కర్త అనే భావన జపనీస్‌కు అక్కరలేదని ఆయన వాదించాడు. జపనీస్ కథల్లో పాత్ర మొదటిసారి ప్రవేశించేటప్పుడు సాధారణంగా 'గ' వస్తుంది. పరిచయం అయ్యాక అదే పాత్రకు 'వ' వస్తుంది. కొత్త మనిషి పాతమనిషి అయిన క్షణాన్ని ప్రత్యయం నమోదు చేస్తుందన్నమాట.

చైనీస్‌లో ఉద్దేశ్యానికి క్రియతో ఏ కారక సంబంధమూ లేకపోయినా చెల్లుతుంది. 'ఆ అగ్నిప్రమాదం, ఫైరింజను త్వరగా వచ్చింది కనుక సరిపోయింది' అన్న తరహా వాక్యం అక్కడ సహజం. అగ్నిప్రమాదం రావడానికి కర్తా కాదు, కర్మా కాదు. అది వాక్యానికి ఒక చట్రం మాత్రమే.

తెలుగు ఎక్కడ నిలుస్తుంది?

లీ, థామ్సన్‌లు చెప్పిన లక్షణాలతో తెలుగును పోల్చి చూస్తే అది ఈ రెండు వర్గాల మధ్య నిలుస్తుంది. క్రియ వ్యాకరణ కర్తను అనుసరించి మారుతుంది. ఇది కర్తృప్రధాన భాషల లక్షణం. కాని నామమాత్రపు కర్తలు తెలుగులో లేవు, కర్మణి ప్రయోగం అరుదు, క్రియలేని వాక్యాలు కొల్లలు. 'వాడు మనిషి మొరటు, మనసు వెన్న' వంటి వాక్యాల్లో 'వాడు' ఉద్దేశ్యం. మనిషి, మనసు ఆ చట్రంలో ఇమిడిన చిన్న కర్తలు. ఇవి ఉద్దేశ్యప్రధాన భాషల లక్షణాలు.

ఉద్దేశ్యాన్ని చూపడానికి తెలుగుకు ఉన్న ప్రధాన సాధనం పదక్రమం. ఉద్దేశ్యం వాక్యం మొదట నిలుస్తుంది. కొత్త సమాచారంలో అతి ముఖ్యమైనది క్రియకు ఆనుకుని, దానికి ముందు వస్తుంది. 'ధవళేశ్వరం ఆనకట్ట ఎవరు కట్టించారు?' అన్న ప్రశ్నలో 'ఎవరు' క్రియకు పక్కనే ఉంది. జవాబులో కాటన్ పేరూ అక్కడికే చేరుతుంది. అచేతన వస్తువులకు ద్వితీయా ప్రత్యయం తప్పనిసరి కాదు కనుక 'ఆనకట్ట' ప్రథమా రూపంలోనే వాక్యాన్ని ఆరంభిస్తుంది, క్రియ మాత్రం కాటన్‌ను అనుసరిస్తుంది. మాథెసియస్ చెక్‌లో చూసిన సౌకర్యమే ఇది.

విధేయానికి మరింత బలం కావాలంటే క్రియను నామంగా మార్చి దానిని ముందుకు తేవచ్చు: 'కట్టించింది కాటన్'. ఉద్దేశ్యాల మధ్య భేదం చూపడానికి '-ఏమో', 'అయితే', 'మాత్రం' వంటివి ఉన్నాయి: 'అన్నేమో డాక్టరు, తమ్ముడేమో నాటకాలంటూ తిరుగుతున్నాడు'. ఎదుటివారు ఎత్తిన ప్రస్తావనను అందుకోవడానికి ప్రశ్నార్థక రూపం ఉంది: 'వాడా, వాడిప్పుడు రాడు'. 'పెళ్ళి సంగతి', 'ఖర్చు విషయానికొస్తే' వంటివి కొత్త ప్రస్తావనకు ద్వారాలు.

చేసినవారెవరో తెలియనప్పుడు, చెప్పనక్కరలేనప్పుడు ఇంగ్లీషు మళ్ళీ కర్మణి ప్రయోగాన్నే ఆశ్రయిస్తుంది. తెలుగులో కర్తలేని బహువచన క్రియ ఆ పని చేస్తుంది: 'ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు', 'ఇక్కడ దోసెలు బాగా వేస్తారు'. చేర్చినదెవరో, వేసేదెవరో ఎవరూ అడగరు. 'ఆయన ఆసుపత్రిలో చేర్చబడ్డాడు' అనవలసిన అవసరం లేదు.

కథలో దారం

ఒక్కొక్క వాక్యాన్ని విడిగా చూస్తే ఉద్దేశ్యం ఎందుకంత ముఖ్యమో బోధపడదు. వాక్యాలు వరుసగా నడిచినప్పుడే దాని పని తెలుస్తుంది. చెక్ భాషాశాస్త్రజ్ఞుడు ఫ్రాంటిషెక్ దానెష్ 1974లో ఈ నడకను మూడు ప్రధాన రకాలుగా వివరించాడు. ఒక వాక్యంలోని విధేయం తరువాతి వాక్యానికి ఉద్దేశ్యం కావడం మొదటిది. ఒకే ఉద్దేశ్యం అనేక వాక్యాల్లో కొనసాగడం రెండవది. ఒక పెద్ద ప్రస్తావనలోని భాగాలు ఒక్కొక్కటిగా ఉద్దేశ్యాలు కావడం మూడవది. జిల్లాను పేర్కొని, ఆపైన దాని నదులు, పంటలు, పట్టణాలను వివరించే రచన మూడవ రకానికి ఉదాహరణ. జీవితచరిత్రల్లో రెండవ రకం ఎక్కువ.

మొదటి రకానికి తెలుగు పిల్లలందరికీ తెలిసిన ఏడు చేపల కథను మించిన ఉదాహరణ దొరకదు. ముందు రాజు వస్తాడు. వెంటనే ఆ రాజుకు కొడుకులున్నారని తెలుస్తుంది. ఆ కొడుకులు వేటకు వెళ్ళి చేపలు తెస్తారు. ఆ చేపలను ఎండబెడతారు. వాటిలో ఒకటి ఎండదు. ఎండని చేపను అడిగితే గడ్డిమోపు మీద నెపం పెడుతుంది. గడ్డిమోపును అడిగితే ఆవు మీద, ఆవును అడిగితే దానిని మేపవలసినవాడి మీద. అలా ప్రతి జవాబు చివర వినిపించిన పేరు తరువాతి ప్రశ్నకు మొదలవుతుంది. చీమ దాకా పోయే ఈ గొలుసును మూడేళ్ళ పిల్ల కూడా తప్పిపోకుండా అనుసరించగలగడానికి కారణం ఆ కూర్పే.

ఈ కథలో ఉద్దేశ్యం ధరించే విభక్తులను గమనించాలి. రాజు పరిచయమయ్యే వాక్యంలో క్రియే ఉండదు. తరువాత 'రాజుకు' చతుర్థిలో, కొడుకులు ప్రథమలో, చేపలు ద్వితీయలో, ఎండనిది 'వాటిలో' అని సప్తమి తోడుతో వస్తాయి. విభక్తి ప్రతి వాక్యంలోనూ మారింది. ఉద్దేశ్యం స్థానం మారలేదు. తెలుగులో ప్రసంగాన్ని కలిపి ఉంచే దారం ప్రథమా విభక్తి కాదు, వాక్యారంభం.

రెండవ రకం నడకలో తెలుగు మరొక వెసులుబాటును వాడుకుంటుంది. ఒకసారి చెప్పిన ఉద్దేశ్యాన్ని మళ్ళీ చెప్పదు. 'సీతకు ఆకలేసి అన్నం వడ్డించుకుంది' అన్న వాక్యంలో వడ్డించుకున్నది సీత. ఆ సంగతి ప్రథమా విభక్తిలో ఎక్కడా లేదు. చతుర్థిలోని సీతే ఉద్దేశ్యం కనుక రెండవ క్రియకూ ఆమే ఆధారం.

ఉద్దేశ్యమే కర్తగా మారిన వైనం

ఇంగ్లీషు మొదటినుంచీ ఇలా లేదు. ప్రాచీన ఇంగ్లీషులో 'లైక్' క్రియకు అర్థం నచ్చడం. నచ్చిన వస్తువును బట్టి క్రియ మారేది. ఎవరికి నచ్చిందో ఆ మనిషి చతుర్థిలో ఉండేవాడు, అచ్చంగా తెలుగులో 'రాజుకు పళ్ళు నచ్చాయి' అన్నట్టు. ఈ మార్పును వివరించడానికి డేనిష్ పండితుడు ఒటో యెస్పర్సన్ కల్పించిన ఉదాహరణ కూడా రాజు, పళ్ళే. కాలక్రమంలో నామవిభక్తి ప్రత్యయాలు అరిగిపోయాయి. వాక్యం మొదట నిలిచిన రాజును జనం వ్యాకరణ కర్తగా భావించడం మొదలుపెట్టారు. క్రియ రాజును అనుసరించింది. 'లైక్' అర్థం ఇష్టపడటంగా మారింది. నాకు తోస్తోంది అన్న అర్థంలో పాతకాలపు ఇంగ్లీషులో వినిపించే 'మీథింక్స్' ఆ పాత వ్యవస్థ మిగిల్చిన అవశేషం.

వ్యాకరణ కర్త అంటే కాలక్రమంలో గట్టిపడిన ఉద్దేశ్యమేనని టాల్మీ గివోన్ 1976లో ప్రతిపాదించాడు. క్రియాప్రత్యయాలు ఒకప్పుడు ఉద్దేశ్యాన్ని మళ్ళీ గుర్తుచేసిన సర్వనామాలని ఆయన వాదం. 'వచ్చాడు'లోని 'డు'కూ 'వాడు'కూ, 'వచ్చారు'లోని 'రు'కూ 'వారు'కూ, 'వచ్చాము'లోని 'ము'కూ 'మేము'కూ ఉన్న పోలిక తెలుగువారికి ఈ వాదాన్ని సుబోధకం చేస్తుంది.

అనువాదంలో, ఇంట్లో

ఈ భేదాన్ని పట్టించుకోని అనువాదంలో ప్రతి వాక్యమూ సరిగ్గానే ఉంటుంది, పేరా మాత్రం నడవదు. ఈ రెండింటినీ పోల్చి చూడవచ్చు:

'ధవళేశ్వరం ఆనకట్ట ఆర్థర్ కాటన్ చేత కట్టించబడింది. అది 1847లో ప్రారంభించబడింది మరియు 1852లో పూర్తి చేయబడింది. కాలువలు దాని నుండి నీటిని పొందాయి.'

'ధవళేశ్వరం ఆనకట్ట ఆర్థర్ కాటన్ కట్టించాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. దానివల్ల కాలువలకు నీళ్ళు అందాయి.'

మొదటి అనువాదకుడు ఇంగ్లీషు వ్యాకరణ కర్తను కాపాడాడు. అందుకోసం మూడు చోట్ల 'బడు' వాడవలసి వచ్చింది. చివరి వాక్యంలో ఉన్నట్టుండి కాలువలు ముందుకు దూకాయి. రెండవ అనువాదకుడు ఉద్దేశ్యాన్ని కాపాడాడు. వ్యాకరణ కర్త కాటన్ నుంచి పనికి, పని నుంచి నీళ్ళకు మారినా, మాట ఆనకట్ట గురించే సాగుతోందన్న స్పృహ చెదరలేదు. మూలంలోని కర్త ఏదని కాక, మూలంలోని ప్రతి వాక్యమూ దేని గురించి అని అడగడం అనువాదకుడికి మేలు. జవాబు దొరికితే దాన్ని ఏ విభక్తిలోనైనా సరే, ముందు నిలపవచ్చు.

అయితే మూలంలోని పదక్రమాన్ని గుడ్డిగా పాటించమని దీని అర్థం కాదు. ఇంగ్లీషు వాక్యంలో ముఖ్యమైన మాట చివర వస్తే, తెలుగులో అది క్రియకు ముందు రావాలి, లేదా 'కట్టించింది కాటన్' తరహాలో నామీకరించిన క్రియ తరువాత రావాలి. మమ్మటుడు చెప్పిన దోషం అనువాదాల్లో తరచుగా సంభవించేది ఇక్కడే: కొత్తగా చెప్పదలచిన మాట పొడవాటి విశేషణం నడుమ దాగిపోతుంది.

విదేశాల్లో పెరిగే పిల్లల తెలుగులోనూ ఇదే సమస్య మరొక రూపంలో వినిపిస్తుంది. 'నేను ఆకలిగా ఉన్నాను', 'నేను ఈ పాటను ఇష్టపడతాను' అనే పిల్లవాడికి విభక్తులు రావని పెద్దలు అనుకుంటారు. అతడు చేస్తున్నది ఒక క్రమబద్ధమైన పని. మాట తన గురించి కనుక తనను ఉద్దేశ్యంగా పెట్టాడు, అది సరైనదే. ఉద్దేశ్యానికి ఇంగ్లీషులో ఉన్న స్థానం ఒక్కటే కనుక దాన్ని ప్రథమలో పెట్టాడు. పొరపాటు అక్కడ మాత్రమే. 'నాకు' అనాలని సరిదిద్దడంతో ఆపేస్తే ఆ ఒక్క వాక్యం బాగుపడుతుంది. 'నాకు ఆకలేస్తోంది, నాకు నచ్చింది, నాకు తెలుసు, నాకు భయం, నాకు జ్వరం' అని ఒకే వరుసలో వినిపిస్తే, తెలుగులో తన గురించి చెప్పుకోవడానికి తాను ఎప్పుడూ కర్త కానక్కరలేదన్న సంగతి పిల్లవాడికి పట్టుబడుతుంది. ఏడు చేపల కథను పిల్లవాడిచేతే తిరిగి చెప్పిస్తే, ఉద్దేశ్యం ఒక విభక్తి నుంచి మరొక విభక్తికి మారుతూ కూడా వాక్యం మొదట నిలిచే తీరు, పారిభాషిక పదం ఒక్కటీ అవసరం లేకుండానే, అలవాటవుతుంది.